బంగినపల్లి పెట్టె మీద పచ్చ గుర్తు

మే నెలలో అమెరికాలోని ఇండియన్ స్టోర్లకు బంగినపల్లి పెట్టెలు దిగుతాయి. పెట్టె మీద ఓ మూల చిన్న పచ్చ గుర్తు ఉంటుంది: వలయంలో రెండు ఆకులు, వాటి పైన ఓ చుక్క. పేరు రాడురా. పక్కనే, సరుకుకు రేడియేషన్ ఇచ్చామని ఒక వాక్యం. అది చదివి పెట్టెను మళ్లీ కింద పెట్టేసేవాళ్లున్నారు. ధర చూసి పెట్టేస్తే నేనేమీ అనను. ఆ గుర్తు చూసి మాత్రం భయపడక్కర్లేదు.

2007 దాకా దాదాపు పద్దెనిమిదేళ్లు మన మామిడికి అమెరికాలో ప్రవేశం లేదు. ముఖ్య కారణాల్లో ఒకటి టెంక పురుగు. కాయ లేతగా ఉన్నప్పుడే అది తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు కండను తొలుచుకుంటూ టెంకలోకి చేరుతుంది, వెళ్లిన దారి పూడిపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. వేడినీళ్లలో ముంచినా టెంకలో ఉన్నదానికి ఏమీ కాదు. అందుకే గామా కిరణాలు. తొలి ఎగుమతికి ఆ పని నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో జరిగింది. ఉల్లిపాయలు మొలకెత్తకుండా చూడటానికని భాభా అణు పరిశోధన కేంద్రం కట్టిన ప్లాంటు అది.

అక్కడ కోబాల్ట్-60ని ఉక్కు గొట్టాల్లో సీలు చేసి, పని లేనప్పుడు లోతైన నీళ్ల తొట్టిలో ఉంచుతారు. దాన్ని పైకి లేపాక పెట్టెలు చుట్టూ తిరిగి బయటికొస్తాయి. కోబాల్ట్ పండును తాకదు, తగిలేది కిరణాలే. వాటి శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. పండులోని పరమాణువులను రేడియోధార్మికంగా మార్చడానికి అది చాలదు.

మామిడికి కనీస డోసు 400 గ్రే (గ్రే అంటే సరుకు గ్రహించిన రేడియేషన్‌కు కొలమానం). పురుగు అక్కడికక్కడే చావాలని లేదు, దాని సంతతి ఆగిపోతే చాలు. తాజా పళ్లకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) పెట్టిన పైహద్దు 1,000 గ్రే. పెట్టెల దొంతర నడుమ ఉన్న పండుకు 400 అందాలంటే అంచున ఉన్నదానికి అంతకంటే ఎక్కువే తగులుతుంది. డోసు మరీ ఎక్కువైతే తొక్క మచ్చలు పడుతుంది, పండటంలో తేడా వస్తుంది. రుచి మన ఊరి పండులా లేదంటే నేనూ ఒప్పుకుంటాను. అయితే అందులో ఎక్కువ పాపం పచ్చిగా కోసి విమానం ఎక్కించడానిదేనని నా అనుమానం.

ఇక ఆరోగ్యం సంగతి. ఆహారానికి సగటున 10,000 గ్రేల దాకా ఇచ్చినా విషప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1980లోనే తేల్చింది. అంతకు ముందు పెద్ద అలజడి రేపింది మాత్రం మన హైదరాబాదే. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1975లో ఓ పత్రం ప్రచురించారు. తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్న పదిహేను మంది పిల్లలను ఐదుగురు చొప్పున మూడు జట్లు చేశారు. అప్పుడే రేడియేషన్ ఇచ్చిన గోధుమలు తిన్న జట్టు రక్తంలో, క్రోమోజోములు ఉండాల్సినదానికి రెట్టింపో ఇంకా ఎక్కువో ఉన్న కణాలు కనిపించాయి. మూడు నెలలు నిలవ ఉంచిన గోధుమలతో ఆ ప్రభావం బాగా తగ్గింది. కేంద్ర ప్రభుత్వం జన్యుశాస్త్రవేత్త కేశవన్‌తో, గణాంకవేత్త సుఖాత్మేతో దీన్ని పరిశీలింపజేసింది. ఆ నిర్ధారణకు ఆధారాలు చాలవని వాళ్లు చెప్పారు. లెక్కించిన కణాలు మరీ తక్కువ, పైగా అలాంటి కణాలు ఆరోగ్యవంతుల్లోనూ కొన్ని ఉంటాయి. ఆ పత్రం రాసినవాళ్లను ఎగతాళి చేయనక్కర్లేదు. జబ్బు పిల్లలకు పెట్టే తిండి మీద అనుమానం వస్తే బయటికి చెప్పడం వాళ్ల పని. కానీ ఐదుగురు పిల్లల లెక్కను పట్టుకుని ఇప్పటికీ హడలగొట్టడం న్యాయం కాదు.

రేడియేషన్ ఇస్తే విటమిన్లు కొంత తగ్గుతాయి, వండినా తగ్గుతాయి. పురుగుమందుల అవశేషాలు మాత్రం దీంతో పోవు కాబట్టి పండును కడగాల్సిందే.

నా అభ్యంతరం ఇంకోచోట ఉంది. మసాలా దినుసులకు అమెరికాలో 30,000 గ్రేల దాకా అనుమతి ఉంది. మిరియాలు విడిగా అమ్మితే గుర్తు వేయాలి, అవే మిరియాలు చిప్స్‌లో చల్లి అమ్మితే చెప్పనక్కర్లేదు. యూరప్‌లో చెప్పి తీరాలి. అమెరికాలోనూ చెప్పాలి.

డోసు సరిగ్గా పడిందో లేదో కంటికి కనిపించదు, కాగితమే సాక్ష్యం. 2025 మేలో ముంబై నుంచి వచ్చిన కనీసం పదిహేను మామిడి సరుకులను అమెరికా అధికారులు విమానాశ్రయాల్లోనే ఆపేశారు. రేడియేషన్ పత్రాలు సక్రమంగా లేవన్నది కారణం. రేడియేషన్ ఇచ్చామని ఎగుమతిదారులు మొత్తుకున్నా లాభం లేకపోయింది. వెనక్కి తీసుకెళ్లే ఖర్చు భరించలేక పళ్లన్నిటినీ అమెరికాలోనే పారేయించారు.