గట్-బ్రెయిన్ యాక్సిస్

ఆటిజం పరిశోధనల వార్తల్లో ఈ మాట పదేపదే కనిపిస్తోంది. పేగులకూ మెదడుకూ మధ్య రెండువైపులా నడిచే సమాచార మార్గమే గట్-బ్రెయిన్ యాక్సిస్. వేగస్ నాడి, హార్మోన్లు, రోగనిరోధక కణాలు, పేగుల్లోని సూక్ష్మజీవులు దీన్ని నడుపుతాయి. నాడుల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం తయారయ్యేది పేగుల్లోనే.

ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం, విరేచనాలు, కడుపునొప్పి వంటివి మిగతావారికంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువని 2014 నాటి ఒక సమీక్ష తేల్చింది. కారణం ఒక్కటే కాదు. సూక్ష్మజీవుల తేడాయే మూలమని కొందరంటారు. 2021లో ఆస్ట్రేలియా పరిశోధకులు వాదాన్ని తిరగేశారు: ఒకటి రెండు పదార్థాలే తినడం వల్ల సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గుతోందన్నారు. తెల్లన్నం తప్ప సంగటి, కూరగాయలు ముట్టని పిల్లవాడు అనంతపురం ఎండల్లో నీళ్లూ సరిగా తాగకపోతే మలబద్ధకానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. మాటలు రాని బిడ్డ నొప్పి చెప్పలేడు. తల బాదుకుంటాడు, రాత్రిళ్లు నిద్రపోడు. దాన్ని మొండితనమని కొట్టిపారేయడమే అసలు చిక్కు.

గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ రాగి, కొర్రల్లో ఎటూ ఉండదు. పాలు మానిపిస్తే మాత్రం కాల్షియం సంగతి చూసుకోవాలి. ఇక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను పేగుల జబ్బుతో, ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకు ఉచిత పరీక్షలు చేసి, ఎదుగుదల లోపాలుంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపుతారు. బిడ్డ ఏం తింటున్నాడో, విరేచనం ఎన్నాళ్లకోసారి అవుతోందో రాసుకెళ్తే డాక్టరుకు పని సులువు.