పోపులపెట్టె లాంటి కోడ్!

ఫిల్మ్‌నగర్‌లో ఓ గ్రాఫిక్స్ స్టూడియో అనుకోండి. పది సెకన్ల షాట్ తెల్లారేసరికి పంపాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 240 బొమ్మలు. మధ్యలో ఒక్కటి తగ్గినా తెరమీద గెంతు కనిపిస్తుంది. ఒక్కోటీ తెరిచి చూడాలంటే కళ్లు లాగేస్తాయి. అదే పైథాన్‌లో పది పన్నెండు లైన్లు రాస్తే... తగ్గిన బొమ్మ క్షణాల్లో దొరికిపోతుంది!

అప్పుడే కొత్త కుర్రాడికి ఓ ఆశ పుడుతుంది. ‘ఇలాంటివన్నీ కలిపి సొంత లైబ్రరీ కట్టేసుకుంటే?’ అని. పదేపదే పనికొచ్చే కోడ్‌ను ఒకచోట దాచుకుని, కావాల్సినప్పుడు వాడుకోవడమే లైబ్రరీ. మన పోపులపెట్టె లాంటిదన్నమాట. ‘ఈగ’(2012), ‘బాహుబలి’(2015) స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డులు తెచ్చాయి. ఈ రంగంవైపు చూసే పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి తెలిసుండటం మంచిదే.

అయితే పోపులపెట్టె సర్దుకుంటాం కానీ, ఆవాలు మనమే పండించం కదా! హాలీవుడ్ సంస్థ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ తన అవసరానికి తయారుచేసుకున్న ‘ఓపెన్‌ఈఎక్స్‌ఆర్’ బొమ్మల ఫార్మాట్‌ను 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఎందరో ఏళ్లతరబడి లోపాలు సరిచేసిన అలాంటి కోడ్‌ను మళ్లీ మొదట్నుంచీ రాయడం కొత్తవాళ్లకు వృథా శ్రమ.

మరి సొంతంగా రాస్తే లాభమే లేదా? ఉంది. ఫైళ్ల పేర్లను అక్షరాల వరసలో పేరిస్తే 2 కంటే ముందు 10 వచ్చేస్తుంది. చాలా స్టూడియోల్లో ఫ్రేములకు 1001 నుంచి నంబర్లు వేయడానికి ఇదీ ఓ కారణం. ఆ కిటుకు ఎందుకో, ఓసారి దెబ్బతిన్నవాడికే బాగా గుర్తుంటుంది. కాకపోతే ఆ దెబ్బేదో ఇంట్లో సాధన చేసేటప్పుడే తినాలి. విడుదలకు సిద్ధమవుతున్న సినిమామీద కాదు.

కాబట్టి లెక్క ఇదీ. ఒకే పనికి మూడోసారి కోడ్ రాస్తున్నారా? దాచుకోండి. ఇతరులు రాసి, పరీక్షించిందే దొరుకుతోందా? వాడుకోండి. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుందా? ఇంటిదగ్గర రాసి చూడండి.

ఇంకోమాట. వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం యజమానే మొదటి హక్కుదారు. స్టూడియో మారేటప్పుడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే చిక్కే. చేరేముందే ఒప్పందపత్రం చదవాలి. సాధన కోసం రాసుకున్నది విడిగా ఉంచుకోవాలి.

పెట్టె చిన్నదైనా ఫర్వాలేదు. ఏ గిన్నెలో ఏముందో తెలిస్తే చాలు... పోపు మాడదు!