గోలీయాట – మేరుప్రస్తారము

కాలు విఱిగి మంచమునఁ బడియున్న మనుమని కొఱకు నేనొక గోలీయాటను గట్టితిని. బూట్ల అట్టపెట్టె మూఁతయే పలక. తలవైపు క్రింద రెండు పుస్తకములుంచినచో వాలు చాలును. మిక్కిలి యెత్తినచో గోలీ పుల్లలను లక్ష్యపెట్టక దుముకును.

పలకపై వెదురుపుల్లల ముక్కలు పదింటిని జిగురుతో నిలిపితిని: పైవరుస నొకటి, పిదప రెండు, మూఁడు, నాలుగు. ఏ పుల్లయైనను దిగువ రెంటి నడుమకు రావలయును. గోలీ 16 మిల్లీమీటరులది. పుల్లల నడుమ 20 విడిచితిని. అడుగున ఐసుపుల్లల గోడలతో అయిదరలు. పైపుల్లకు సూటిగా గోలీని విడువవలయును.

నడిమి యర గౌరవస్థానమని దానికి నూరు, అంచులకు పది వేసితిని. వాఁడు కొంతసే పాడి, “తాతయ్యా, ఎట్లు విడిచినను నడుమనే పడుచున్నది, ఇదియు నొక ఆటయా?” అని మొగము త్రిప్పుకొనెను.

ఛందస్సు బోధించిన నాకు ముందే తోఁపవలసినది! నాలుగక్షరములకు గురులఘువుల కూర్పులు 16: గురువు లేనిది 1, ఒక గురువు గలవి 4, రెండు గలవి 6, మూఁడు గలవి 4, అన్నియు గురువులైనది 1. పదవ శతాబ్దిని హలాయుధుఁడు పింగళుని సూత్రములకు వ్యాఖ్య వ్రాయుచు వివరించిన మేరుప్రస్తార మిదియే. గోలీయు ప్రతి వరుసయందు కుడికో యెడమకో తిరుగును గదా. అట్టపలకపై లెక్క అచ్చముగాఁ గుదురదు. నడిమికి మొగ్గు మాత్రము కనఁబడును.

అంకెలు మార్చితిని: 12, 3, 2, 3, 12. దారుల సంఖ్యచే గుణించినచో ప్రతి యరకును పండ్రెండే. సాయంకాలము అంచున గోలీ పడఁగా వాఁడు కట్టుకాలిని మఱచి లేవఁబోయెను.

ఇంట నేది దొరికినను నోటఁ బెట్టుకొను పసిది గలదు. కావున ఆట ముగియఁగానే గోలీలను లెక్కించి పైయరలో దాఁచుచున్నాను.