గిటారుకు కుండ యెక్కడ నున్నది?

హనుమాన్ జంక్షన్ కూడలిలో నిలిచి చూచినచో వాయవ్యముగా పోవు త్రోవ పనసకర్రతో వీణలు చేయు నూజివీడునకును, దక్షిణముగా పోవునది గుడివాడకును చేరును. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తొమ్మిదేండ్ల బాలుడై, 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవములందు తొలి కచేరీ చేసినది ఆ గుడివాడలోనే. జంటతీగెల మాండలిన్‌ను ఐదు ఒంటితీగెల విద్యుద్వాద్యముగా మార్చుకొని, విద్యుత్తువలన నిలుకడ హెచ్చిన నాదము మీద గమకములు సాగదీసి, పరదేశపు వాద్యమునకు కర్ణాటక సంగీతసభలో పీఠము వేయించిన మహనీయుడాయన. ఈ రెండు త్రోవల నడుమ నిలిచి యాలోచించువానికి, గిటారు యాంప్లిఫయరు ముందర మైకు నెచ్చట నుంచవలెనను ప్రశ్న కేవలము మైకుసెట్టువారిదిగా తోచదు.

వీణ మీటినపుడు మనకు వినబడునది తీగె యొక్కటే కాదు. ఆ కంపనమును గ్రహించి పెంచి పలుకునది కుండ. విద్యుద్గిటారుకు కుండ లేదు, దాని దేహము గట్టి కొయ్యపలక. ఉక్కుతీగెల క్రింద అయస్కాంతములకు చుట్టిన సన్నని రాగితీగె యుండును; ఉక్కు కదలగా, 1831లో ఫారడే కనుగొన్న ధర్మము చొప్పున, ఆ రాగిచుట్టలో స్వల్పవిద్యుత్తు పుట్టును. దానిని పెంచి స్పీకరును కదలించునది యాంప్లిఫయరు. కనుక గిటారు కుండ ఆ పెట్టెలోని కాగితపు కోనే యని నా దృఢవిశ్వాసము. పండ్రెండంగుళముల గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్‌జులకు పైనున్న నాదాంశములను చాలవరకు అణచివేయును. ఆ యణచివేతయే దాని మాధుర్యము. స్పీకరు స్వభావమును అనుకరించు పరికరము లేకయే వైరును నేరుగా మిక్సరులో గ్రుచ్చినచో, డిస్టార్షనుతో వాయించిన స్వరము రేకు మీద గోరు గీచినట్లుండును.

అందుచేత మైకు కోను నెదుటనే యుండవలెను. 1965 నుండి లోకమంతట వాడుకలో నున్న షూర్ ఎస్ఎం 57 వంటి డైనమిక్ మైకు పెద్దధ్వనికి బెదరదు, ముందువైపు శబ్దమునే హెచ్చుగా వినును. దానిని స్పీకరు గుడ్డకు అంగుళము, రెండంగుళముల దూరమున నిలిపి, కోను నట్టనడుమ నున్న గుండ్రని మూతకు గురిపెట్టినచో స్వరము పదునుగాను, అంచువైపు జరిపినకొలది మెత్తగాను వచ్చును. మూత కోనుతో కలియు చోట మొదలిడుట మేలు. మైకును మిక్కిలి చేరువకు తెచ్చినచో మంద్రము పొంగునని మరువరాదు. ఒక్క యంగుళము జరుపుటచే కలుగు మార్పు మిక్సరు నాబులెన్ని త్రిప్పినను రాదు.

జంక్షన్ వంటి చోట, పదునారవ నంబరు జాతీయ రహదారి మీద లారీలు హోరెత్తుచుండగా, శ్రీరామనవమి పందిరిలో గిటారువాడు యాంప్లిఫయరు హెచ్చించుట సహజము; కాని ఆ ధ్వని గాయకుని మైకులో జొరబడి పాటను ముంచివేయును. దోషము గిటారువానిది కాదు. నేలమీది పెట్టె వాని మోకాళ్లకు వినిపించుచున్నది, చెవులకు కాదు. ముందువరుసలో కూర్చున్న ముసలివారు మాత్రము బాధపడుచున్నారు. పెట్టెను కుర్చీ మీద కెక్కించి, వాని ముఖమువైపు వెనుకకు వాల్చినచో తానే తగ్గించును. జనమునకు వినిపించు భారము మైకు మోయును.

కచేరీకి ముందే టార్చిలైటు వేసి గుడ్డ వెనుకనున్న కోనును కనుగొనవలెను. ఒకరు ఒకే పల్లవిని మరల మరల వాయించుచుండగా, ఒకరు మైకును అంగుళమంగుళముగా జరుపుచు, ఒకరు పందిరి మధ్య నిలిచి వినవలెను. స్వరము కుదిరిన చోట గుడ్డమీద సుద్దగుర్తు పెట్టి, స్టాండు పాదముపై ఇసుకసంచి నుంచినచో, మరునాటి యూరిలో వెదకులాట యుండదు.