వాగు గట్టున తేరుకునే మనసు

తమిళనాడులోని కోవిల్‌పట్టి చుట్టూ ఎటు చూసినా నల్లరేగడి చేలే. పంట కోసేశాక మార్చి నాటికి ఆ నేల నెర్రెలు విచ్చుతుంది. పడమటి కనుమలు అడ్డం కావడంతో ఇక్కడికీ, పక్కనున్న విరుదునగర్ జిల్లాకూ నైరుతి వానలు పెద్దగా అందవు; అక్టోబరు, నవంబరుల్లో పడిందే వాన. అలాంటి సీమలో, విరుదునగర్ జిల్లాలోని రాజపాళయానికి పడమరగా పది కిలోమీటర్లు వెళ్తే, నీర్‌కాత్త అయ్యనార్ గుడి దగ్గర అడవిలోంచి కొండవాగు దిగివస్తుంది. ఇళ్లలో నేటికీ తెలుగు మాట్లాడే రాజపాళయం రాజు కులస్థులకు బాగా తెలిసిన చోటు.

ఉగాది నాటికి వాగులో నీళ్లు సన్నబడతాయి. గట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది, ఇసుక కింది తడిని వేళ్లు అందుకుంటాయి కనుక. కానుగ పాత ఆకు రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేతాకు తొడుగుతుంది. తెల్లమద్ది మాను మీద బెరడు పలకలుగా ఊడి, కింద నున్నని లేత రంగు బయటపడుతుంది. చేల ఎండలోంచి ఆ నీడలోకి అడుగుపెట్టగానే ఒంటికి తేడా తెలుస్తుంది. ఆకులు ఎండను ఆపడం ఒక్కటే కాదు, నీటిని ఆవిరిగా వదులుతాయి కూడా. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. అందులో చాలా భాగం ఆకుల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి పోతుంది.

మనసు సంగతి ఇంకా ఆసక్తికరం. లెక్కలు చూడటం, రద్దీ రోడ్డు మీద బండి నడపడం లాంటి పనులకు పట్టుబట్టి దృష్టి నిలపాలి. ఆ శక్తి వాడేకొద్దీ అలిసిపోతుందని రేచెల్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు 1989లో వచ్చిన తమ పుస్తకంలో వివరించారు. నీటి గలగల, ఆకుల కదలిక మన ప్రయత్నం లేకుండానే దృష్టిని లాక్కుంటాయి. ఆ కాసేపూ అలిసిన శక్తికి విశ్రాంతి. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరిని సుమారు 50 నిమిషాలు నడిపించారు, ఒకసారి హ్యూరన్ నది పక్క చెట్ల తోటలో, మరోసారి ఊరి వీధుల్లో. అంకెలను వెనక నుంచి అప్పజెప్పే పరీక్షలో తోట నడక తర్వాతే బాగా రాణించారు. గడ్డకట్టే జనవరి చలిలో నడక నచ్చనివారికీ ఫలితం అంతే! అంటే ఇది సరదా వల్ల వచ్చిన లాభం మాత్రమే కాదు. చెట్లు వదిలే వాసన రసాయనాలు రోగనిరోధక శక్తిని పెంచుతాయన్న మాటా ఉంది కానీ, ఆ అధ్యయనాలు చిన్నవి. నేను దానికి అంత బరువు ఇవ్వను.

ఈ అడవికి మరో హక్కుదారు ఉంది: బూడిద రంగు పెద్ద ఉడత. దక్షిణ భారతంలో కొద్ది చోట్ల, శ్రీలంకలో తప్ప ఎక్కడా లేదు. నేలకు దిగడం అరుదు. కొమ్మలు కలిసిన చెట్ల మీదే గూడు కడుతుంది, శత్రువు వస్తే ఏ వైపుకైనా దూకి పోవాలిగా. మధ్యలో నాలుగు చెట్లు కొట్టేస్తే దాని దారి తెగుతుంది, మన నీడా తెగుతుంది. ఈ ఉడత కోసమే 1988లో ఇక్కడ శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యం ఏర్పడింది; 2021లో అది మేఘమలైతో కలిసి పులుల అభయారణ్యమైంది. అందుకే అటవీశాఖ అనుమతి ఉన్నప్పుడే, పొద్దున్నే వెళ్లాలి. కొండ మీద వాన పడితే వాగు హఠాత్తుగా పొంగుతుంది, అప్పుడు దిగకూడదు.

అంత దూరం వెళ్లలేనివారి మాటేమిటి? పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది వివరాలను రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు, ఇటుక గోడ కనిపించినవారు 8.70 రోజులకు. మొదటివారికి గట్టి నొప్పి మందులూ తక్కువే పట్టాయి. కోవిల్‌పట్టి ఆసుపత్రి వార్డు కిటికీ ముందు రేగడి నేలలోనూ బతికే వేప ఒకటి నాటితే చాలు, పని మొదలైనట్టే.