తప్పు అమ్మాయి చేతిదా, వీణ తీగదా?



మా అచ్చంపేటలో మా ఆడపడుచు కూతురు ఏడాదిగా వీణ నేర్చుకుంటోంది. ఈమధ్య ఎంత జాగ్రత్తగా మీటినా గాంధారం సరిగా పలకలేదు. "దీనికి స్వరజ్ఞానం లేదు, మాన్పించేద్దాం" అన్నారు ఇంట్లో. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తీరా చూస్తే సారణి తీగ తుప్పుపట్టి, మెట్ల మీద ఒరిసి గరుకుదేలి ఉంది! తీగ పొడవునా ఒకే మందం లేకపోతే ఎంతటి విద్వాంసులు మీటినా అపస్వరమే కదా.

వీణకు ఏడు తీగలు. వాయించడానికి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. తాళానికి మూడు. సారణి, పంచమం ఉక్కువి. కింది స్థాయికి బరువైన తీగ కావాలి. ఉక్కునే లావు చేస్తే చువ్వలా బిగుసుకుపోతుంది. అందుకని మంద్ర, అనుమంద్రాలకు ఇత్తడి తీగగానీ, ఉక్కు మీద రాగి చుట్టిన తీగగానీ వేస్తారు. బరువూ ఉంటుంది, మెత్తగా వంగుతుంది.

సారణి సన్ననిదైతే గమకానికి సులువుగా లాగవచ్చు. నాదం కాస్త పలచన. లావైతే నాదం నిండుగా ఉంటుంది, వేళ్ళు కోసుకుపోతాయి. చిన్నపిల్లలకు సన్ననిదే మేలు.

మరి నాదమంతా తీగలోనే ఉందా? లేదండీ. వీణ ధనమ్మాళ్ (1867-1938) మైకు లేకుండా, గోళ్ళతోనే మెల్లగా మీటేవారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు (1922-1987) ఒక్క మీటుతోనే తీగ లాగి, స్వరాన్ని గాత్రంలా సాగదీసేవారు. వారి శిష్యులే కాకినాడ చిట్టిబాబుగారు (1936-1996). ఆయన వీణ మీద కోయిలను కూయించారు! గురువు ఒక్కరే అయినా, శిష్యుని బాణీ వేరైంది.

ఐరోపాలోనూ ఇదే చర్చ. మూడు వందల ఏళ్ళ నాటి ల్యూట్ సంగీతానికి కొందరు పాతకాలపు పద్ధతిలో జంతువుల పేగు తీగలే వేస్తారు. నైలాను తీగలు చెమ్మకు అంతగా శ్రుతి తప్పవని మరికొందరు వాటినే వాడతారు.

మీ ఇంట్లో వీణ ఉంటే, వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవండి. ఎండపడే కిటికీ పక్కన పెట్టకండి. మన పల్నాటి ఎండకు మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి.

కొత్త సారణి వేశాక మా పిల్ల గాంధారం చక్కగా పలికింది. పిల్లలను తప్పుపట్టే ముందు, ఒక్కసారి తీగను తడిమి చూడండమ్మా!