తిప్పిన చతురస్రం

చతురస్రం గీసిన కాగితాన్ని 45 డిగ్రీలు తిప్పి, ఇదేమిటని చిన్న తరగతి పిల్లల్ని అడగండి. చాలామంది ‘డైమండ్’ అంటారు. భుజాలు, కోణాలు అవే. కానీ వాళ్లు వాటిని చూడటం లేదు, ఆకారాన్ని మొత్తంగా చూసి పేరు పెడుతున్నారు. జ్యామితి ఆలోచనలో అది మొదటి మెట్టు.

ఈ మెట్లను 1957లో వివరించింది నెదర్లాండ్స్‌కు చెందిన ఉపాధ్యాయ దంపతులు పియరీ, డీనా వాన్ హీలే. మొత్తం 5. రెండో మెట్టులో పిల్లలు ఆకారాల గుణాలు గుర్తిస్తారు. మూడోదానికి వస్తే గుణాల మధ్య సంబంధం తెలుస్తుంది. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమేనని మనస్ఫూర్తిగా ఒప్పుకునేది ఇక్కడే. నాలుగోది నిరూపణ. ఐదోదానితో బడి పిల్లలకు పనిలేదు. వయసు పెరిగినంత మాత్రాన మెట్టు ఎక్కరు, మధ్యలో ఒకటి దాటేయడమూ కుదరదు.

చిక్కంతా ఇక్కడే. పాఠం నాలుగో మెట్టు మీద, పిల్లలు రెండో మెట్టు మీద. అమెరికాలో 1,520 మంది విద్యార్థులను పరీక్షించిన షారన్ సెంక్ 1985లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదంతా జ్యామితి చదివాక కూడా నిరూపణల్లో 75 శాతం పట్టు సాధించినవారు సుమారు 30 శాతమే. మన పదో తరగతిలోనూ ప్రాథమిక అనుపాత సిద్ధాంతాన్ని బట్టీపట్టి, పటంలో అక్షరాలు మార్చగానే కలం ఆపేసే పిల్లలున్నారు. వాళ్లను మొద్దులనడం అన్యాయం.

బొమ్మను మనసులో తిప్పి చూడటం మరో శక్తి. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ 8 మందికి 1,600 జతల బొమ్మలు చూపి, రెండూ ఒకటేనా అని అడిగారు. తిప్పాల్సిన కోణం పెరిగేకొద్దీ జవాబు ఆలస్యమైంది. తిప్పే వేగం సెకనుకు సుమారు 60 డిగ్రీలు. ఈ శక్తి పుట్టుకతో వచ్చిందే, ఇక మారదు అనుకోనక్కర్లేదు. డేవిడ్ ఉటల్ బృందం 2013లో 217 అధ్యయనాలను కలిపి చూస్తే, శిక్షణ వల్ల సగటున 0.47 ప్రామాణిక విచలనం మెరుగుదల కనిపించింది. 100 మందిలో సరిగ్గా మధ్యనున్న విద్యార్థి 68 మందిని దాటేంత!

దీనికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు, గళ్ల కాగితం చాలు. 6 గళ్లను అంచులు కలిపి అమర్చే తీరులు 35. మడిస్తే ఘనమయ్యేవి వాటిలో 11 మాత్రమే. కత్తిరించే ముందే ఏది అవుతుందో పిల్లల్ని ఊహించమనాలి. ఆరూ ఒకే వరుసలో ఉంటే ఎందుకు కాదని అడగాలి. ఐదోది వచ్చి మొదటిదాని మీదే పడుతుంది, రెండు వైపులా మూతలుండవు అని వాళ్లే చెప్పేదాకా జవాబు మనం అందించకూడదు.